ఆ ఖాళీ జాగాలోనే పడవ ఉంది ఎడిటర్ గారూ

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది బరంపురం, ఒడిశాలో గంజాం జిల్లా. నాన్నగారి కాలం నుంచి మాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది, ఇప్పుడు నేనే చూసుకుంటున్నా. పోయిన నెల మీరు ఆదివారం వేసే పాఠకుల ఫోటోల పేజీలో నేను పంపిన ఫోటో ఒకటి వచ్చింది. ముందుగా దానికి థాంక్స్ అండి, మా వీధిలో పదిమందికి చూపించుకున్నాను. కానీ ఆ వచ్చింది నేను తీసిన ఫోటో కాదు. సగం కోసేశారు. కోసింది అంచున పనికిరాని ముక్క అయితే ఈ ఉత్తరం రాసేదాన్నే కాదు, కోసేసిన సగంలోనే అసలు విషయం ఉండిపోయింది, అందుకే రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

గోపాలపురం బీచ్ మాకు 15, 16 కిలోమీటర్లు. అక్కడ వేటకెళ్ళే వాళ్ళని ఒడియావాళ్ళు నోలియాలు అంటారు, ఇళ్ళల్లో మాట మాత్రం తెలుగే, అందుకే నాకు అక్కడికెళ్తే పుట్టింటికెళ్ళినట్టే ఉంటుంది, ‘ఏటమ్మా మళ్ళొచ్చినావా’ అని దూరం నుంచే పలకరిస్తారు. ఆ రోజు తెల్లారగట్ల వెళ్ళాను. ఒక తాత ఇసకలో కూచుని వల బాగుచేసుకుంటున్నాడు, చేతులు వల మీదున్నాయి గానీ చూపు సముద్రం మీదుంది. ఏం తాతా అంటే కొడుకు పడవ రాత్రి వెళ్ళింది, ఇంకా రాలేదన్నాడు. భయపడే గొంతేం కాదు, రోజూ ఉండేదే అన్నట్టు చెప్పాడు, చూపు మాత్రం తిప్పలేదు. దూరంగా నీళ్ళ మీద నల్లచుక్కలాగ ఒక పడవ కనిపిస్తోంది, అది వాళ్ళదో కాదో అప్పటికింకా తెలీదు.

నేను తాతని ఫ్రేమ్‌లో బాగా ఎడమ పక్కకి, కింద వైపు పెట్టాను. మిగతాదంతా వదిలేశాను. తడి ఇసక, ఒక కెరటం, దాని వెనక బూడిద రంగు నీళ్ళు, కుడి పక్క పైన ఆ నల్లచుక్క. తాత కళ్ళ దగ్గర బయల్దేరిన చూపు ఆ ఖాళీ అంతా దాటుకుంటూ వెళ్ళి పడవ మీద ఆగుతుంది, చూసేవాళ్ళ కన్ను కూడా ఆ దారినే నడుస్తుంది. ఆ ఖాళీ ఎంత ఉంటే ఆయన ఎదురుచూపు అంత ఉన్నట్టు. అప్పటికప్పుడు ఫోన్‌లో ఆయనకి చూపిస్తే వేలు పెట్టి ఆ చుక్కనే చూపించి తలూపాడు. తొమ్మిది దాటాక పడవ వచ్చేసింది లెండి, అందరూ క్షేమం.

మీ పేజీలో ఒక కాలమ్ వెడల్పులో తాత ఒక్కడే వచ్చాడు. మొహం సరిగ్గా మధ్యలో, ముక్కు ముందు వేలెడు జాగా కూడా లేదు, ఏదో గోడకేసి చూస్తున్నట్టున్నాడు. కింద ‘వల బాగుచేసుకుంటున్న మత్స్యకారుడు’ అని రాశారు. తప్పని అనను. కానీ ఆయన చేస్తున్న పని ఎదురుచూడడం అండి, వల చేతులకి పని అంతే. పేపర్ పట్టుకెళ్ళి ఇస్తే చాలాసేపు చూశాడు, మడత విప్పి వెనక పేజీ కూడా చూశాడు, ‘మరి పడవేదమ్మా?’ అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు.

మీ డెస్కులో ఆ ఫోటో కోసినవాళ్ళ మీద నాకు కోపం లేదు, పేజీలో జాగా చాలకపోయి ఉంటుంది. నా బాధ ఆ ఒక్క ఫోటో గురించి కాదు కూడా. తీసేవాళ్ళూ వేసేవాళ్ళూ అందరం ఒకటే అనుకుంటున్నాం, మనిషి మధ్యలో ఉండాలి, పెద్దగా ఉండాలి, చుట్టూ ఏం లేకపోతే అది వేస్టు అని. మీ పేజీ ప్రతి ఆదివారం చూస్తా, పది ఫోటోలుంటే ఏడెనిమిదిట్లో మనిషి నట్టనడుమ మేకు కొట్టినట్టు నిలబడి ఉంటాడు, గుడి ముందైనా పొలంలో అయినా చిలికా సరస్సు పక్కనైనా అదే నిలబడ్డం. వాళ్ళ ఉత్సాహం నాకు తెలుసు, నా దగ్గరికి రోజూ వస్తారు అలాంటి పిల్లలు, అక్కా ఫోటో బాలేదెందుకో చెప్పు అంటారు. బాగుండకపోవడం కెమెరా వల్ల కాదు, మనిషిని ఎక్కడ పెట్టాలని ఒక్క క్షణం ఆలోచించకపోవడం వల్ల.

మా నాన్న యాషికా కెమెరాతో తీసేవాడు, రెండు కళ్ళ కెమెరా, పైనుంచి మూత తీసి కిందకి తొంగి చూడాలి. 120 రోల్, రోల్‌కి 12 ఫోటోలే. 12 అంటే ఇప్పటి పిల్లలు కళ్ళు మూసి తెరిచేలోపు తీసేస్తారు. ఆ అద్దంలో బొమ్మ కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తుంది, కుడికి జరపాలంటే ఎడమకి పోతుంది, అలవాటయ్యేదాకా తల తిరుగుతుంది. కానీ అందుకే నాన్న తొందరపడేవాడు కాదు. ఇంకోటి, ఆ కెమెరా పొట్ట దగ్గర పట్టుకుని తీస్తాం కాబట్టి ఎదుటిమనిషి కొంచెం ఎత్తుగా, నిండుగా, మర్యాదగా పడేవాడు. ఇప్పుడు కూచున్న ముసలమ్మనైనా పాకే పిల్లాణ్ణైనా నిలబడే పైనుంచి తీస్తాం, వాళ్ళు నేలకి అతుక్కుపోయినట్టు వస్తారు. పిల్లాణ్ణి తీయాలంటే పిల్లాడి కళ్ళ ఎత్తుకి దిగాలి, మోకాళ్ళు నొప్పెట్టినా సరే. నాన్న నాకు నేర్పింది ఒకటే మాట, ‘మనిషిని తర్వాత చూడు, వాడెక్కడికీ పోడు, ముందు నాలుగంచులూ చూడు’.

ఆ మాట విలువ నాకు చాలా ఏళ్ళ తర్వాత మా పక్క జిల్లాల్లో తెలిసింది. గజపతి, రాయగడ కొండల్లో లాంజియా సవరలు ఇంటి గోడమీద ఇడితాల్ అని బొమ్మలు వేస్తారు, గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ భాష నేర్చుకున్నది ఈ సవరల దగ్గరే. వాళ్ళు బొమ్మ మొదలుపెట్టేది మధ్యలోంచి కాదు. ముందు చుట్టూ అంచు వేసి, అక్కణ్ణించి లోపలికి నింపుకుంటూ వస్తారు, మనుషులు చెట్లు జంతువులు సూర్యుడు చంద్రుడు అన్నీ ఆ అంచు లోపల ఎవరి చోట్లో వాళ్ళు సర్దుకుంటారు. నాన్న చెప్పింది అదే కదా అనిపించింది. ఫోన్ ఎత్తగానే మన కన్ను మనవాడి మొహమ్మీదికి పోతుంది, అక్కడే ఉండిపోతుంది, అందుకే మూలన పడ్డ ప్లాస్టిక్ కవరు, సగం తెగిన బైకు చక్రం, తలలోంచి మొలిచినట్టున్న కరెంటు స్తంభం, ఇవేవీ తీసేటప్పుడు కనపడవు, ఇంటికొచ్చాక కనపడతాయి. స్తంభం కనపడితే దాన్ని ఎవరూ పీకక్కర్లేదు, మనం రెండడుగులు పక్కకి వేస్తే చాలు.

మా వీధి ఆడపిల్లలకి గ్రిడ్ గురించి చెప్పాలంటే నేను ముగ్గుతో మొదలుపెడతా. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి కెమెరా నొక్కితే గ్రిడ్ అని ఉంటుంది, ఆండ్రాయిడ్‌లో కెమెరా యాప్ సెట్టింగ్స్‌లోనే గ్రిడ్ లైన్స్ ఉంటాయి, ఆన్ చేస్తే స్క్రీన్ మీద రెండు అడ్డగీతలు రెండు నిలువుగీతలు వస్తాయి. అవి కలిసే చోట్లు నాలుగు. రెండు చుక్కలు రెండు వరసలు, అంతకన్నా చిన్న ముగ్గు ఉండదు. ముఖ్యమైనదాన్ని ఆ నాలుగు చుక్కల్లో ఏదో ఒకదాని దగ్గర పెట్టి చూడండమ్మా అంటా. మనిషైతే కళ్ళు, గుడైతే శిఖరం, పడవైతే ముక్కు. దీన్ని రూల్ ఆఫ్ థర్డ్స్ అంటారు, 1797లోనే జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లండు చిత్రకారుడు ఈ పేరుతో రాశాడు, అప్పటికి ఫోటో అనేదే పుట్టలేదు, ఆయన చెప్పింది రంగుల బొమ్మల గురించి. సగం సగం చేసి పంచితే బొమ్మలో ఏ భాగం పెద్దదో ఏది చిన్నదో తేలదు, మూడింట రెండు వంతులు ఒకదానికిచ్చి ఒక వంతు ఇంకోదానికిస్తే ఒకటి మాట్లాడుతుంది ఒకటి వింటుంది. ఇది చట్టం కాదు. చేతికి అలవాటయ్యేదాకా గీత మీద రాయడం లాంటిది.

చుక్క దొరికాక అసలు ప్రశ్న వస్తుంది, నాలుగిట్లో ఏది? దానికి జవాబు మనిషి చూపులో ఉంటుంది. కుడికి చూస్తుంటే ఎడమ చుక్క దగ్గర పెట్టాలి, ముందు జాగా వదలాలి. సైకిలు పోతుంటే అది పోయే వైపు రోడ్డుండాలి, లేకపోతే ఫ్రేమ్‌కి గుద్దుకునేలా ఉంటుంది. మీరు తాత ముందు కోసింది ఆ జాగానే.

అయితే కావాలని తిరగేసిన రోజు కూడా ఉంది. ఇక్కడ ఒక తెలుగువాళ్ళ పెళ్ళిలో అప్పగింతలు అయ్యి పిల్ల వీధిలోకి నడుస్తోంది. నేను పిల్లని ఫ్రేమ్ ముందంచుకి ఆనించేసి వెనకంతా వదిలేశా. అరుగు, మామిడాకుల తోరణం, గుమ్మంలో నిలబడిపోయిన వాళ్ళమ్మ, ఇద్దరి మధ్యా ఖాళీ వాకిలి. ముందు జాగా లేదు, వెనకే అంతా. ఆల్బమ్ డిజైన్ చేసే కుర్రాడు ఫోటో తప్పుగా పడింది మేడం కట్ చేసేద్దామా అన్నాడు. వద్దన్నాను. ఆ తల్లి ఇప్పటికీ ఆల్బమ్ తెరిస్తే ఆ పేజీ దగ్గరే ఆగుతుందని పిల్ల నాకు చెప్పింది. ఖాళీ ఎటు పెట్టామన్నదాన్ని బట్టి కథే మారిపోతుంది, ముందు పెడితే వెళ్ళబోయేది, వెనక పెడితే వదిలేసింది.

సముద్రం దగ్గర తీసేవాళ్ళకి ఒకటి చెప్పాలి, మాకిక్కడ రోజూ కనపడే తప్పు. ఆకాశం సముద్రం కలిసే గీత మనిషి మెడ మీదుగా పోతుంది, తల వేరు మొండెం వేరు అన్నట్టుంటుంది. దానికి కారణం తెలిస్తే సరిచేయడం చాలా సులువు. ఆ గీత ఎప్పుడూ కెమెరా ఎంత ఎత్తులో ఉంటే అంత ఎత్తులోనే ఉంటుంది. అంటే మీ ఫోన్ ఎదుటివాళ్ళ మెడ ఎత్తులో ఉంటే గీత మెడకే తగులుతుంది. కొంచెం వంగండి, గీత నడుం దగ్గరికి దిగిపోతుంది, మొహం ఆకాశం మీద శుభ్రంగా నిలబడుతుంది. లేదా ఏ ఇసక దిబ్బో గట్టో ఎక్కండి, గీత తలపైకి వెళ్ళిపోతుంది, మనిషి చుట్టూ నీళ్ళే ఉంటాయి. ఆ గీతని కూడా నట్టనడుమ పెట్టొద్దు. ఆకాశంలో మబ్బులు బావుంటే కిందికి దింపండి, ఇసకలో పాదముద్రలు బావుంటే పైకి జరపండి, రెండూ సమానంగా కావాలంటే మాత్రం రెండూ దక్కవు.

పెళ్ళి గ్రూప్ ఫోటోలది వేరే కష్టం. ఫోన్‌లో మామూలు లెన్సే కాస్త వెడల్పుది, అందులో మళ్ళీ అందరూ పట్టాలని ఇంకా వెడల్పుది నొక్కుతారు, దాంతో చివర నిలబడ్డవాళ్ళ మొహాలు పక్కకి సాగిపోతాయి. మన దగ్గర చివర నిలబడేది ఎవరంటే, మొహమాటపడే పెద్దమ్మలు, అత్తలు. ఫోటో చూసి నేనింత లావా అని బాధపడతారు పాపం, తప్పు వాళ్ళది కాదు, లెన్సు చివర పెట్టినవాళ్ళది. నాలుగడుగులు వెనక్కెళ్ళి కొంచెం జూమ్ చేసి తీయండి, పెద్దవాళ్ళని లోపలికి పిలవండి, చివర్లకి కుర్రాళ్ళని పంపండి.

మధ్యలో పెట్టడం ఎప్పుడూ తప్పేనా అని అడుగుతారు. కాదు. రెండేళ్ళకోసారి మా బరంపురంలో బుఢీ ఠకురాణి యాత్ర జరుగుతుంది, జనం మొక్కుకుని పులివేషాలు దేవుడి వేషాలు వేస్తారు. అలా వేషం వేసుకుని కెమెరాలోకి సూటిగా చూస్తూ నిలబడ్డ మనిషిని పక్కకి పెడితే ఆ చూపు బలం పోతుంది, అది మధ్యలోనే ఉండాలి. గర్భగుడి గుమ్మం, దీపాల మధ్య అమ్మవారు, రెండు పక్కలా ఒకేలాగున్న ఏదైనా మధ్యకే అందం. నేను వద్దనేది ఆలోచించకుండా మధ్యలో పెట్టడాన్ని.

ఈ మాట మా నేతగాళ్ళ ఇంట్లో చెప్తే ఒకాయన వెంటనే అందుకున్నాడు. బరంపురం పట్టుచీరకి అంచులో ఫోడా కుంభం వస్తుంది, గుడి గోపురాలు వరసగా పేర్చినట్టుంటుంది. ఒళ్ళంతా బుటా నింపేస్తే కుంభం ఎవరికి కనపడతాదమ్మా, ఒంట్లో ఖాళీ వదిలితేనే అంచు వెలుగుతాది అన్నాడు. నేను ఇన్ని మాటల్లో చెప్పింది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు.

తాబేళ్ళ ఫోటోల గురించి కూడా రాయకుండా ఉండలేను. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి లక్షల్లో వస్తాయి, ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఏడు వారాలు అటూ ఇటూగా పిల్లలు ఇసకలోంచి లేస్తాయి. అప్పుడు కొందరు పిల్లతాబేలుని చేత్తో ఎత్తి కావాల్సిన చోట పెట్టి, సముద్రం వెనక వచ్చేలా తిప్పి తీస్తున్నారు, చీకట్లో లైటు కూడా వేస్తారు. ఆ పిల్లలు వెలుతురు ఎటుంటే అటే పోతాయి, మన లైటు చూసి సముద్రం వదిలేసి ఊరివైపు నడుస్తాయి. ఫోటోలో చోటు మార్చాలంటే మారాల్సింది మనం, అది కాదు. దాన్ని ముట్టుకోకండి, లైటు వేయకండి, అటవీశాఖ వాళ్ళు గీసిన హద్దు దాటకండి, దూరం నుంచి తెల్లారి వెలుగులో ఫ్రేమ్ కింద మూలన చిన్నగా పెట్టండి, ముందు ఎంత ఇసకుందో ఎంత నీళ్ళున్నాయో అంతా కనపడనివ్వండి. అంత చిన్న ప్రాణం అంత దూరం పోవాలి, ఫోటో అంటే అదే. దగ్గరికెళ్ళి తీస్తే ప్లాస్టిక్ బొమ్మలాగ ఉంటుంది.

ఇక కోయడం గురించి. కోయొద్దని నేననను, నేనూ కోస్తా. 12 మెగాపిక్సెల్ ఫోటోలో అడ్డం 4000, నిలువు 3000 చుక్కలుంటాయి. అడ్డం సగం నిలువు సగం తీసేసినా ఇంకా 30 లక్షల చుక్కలు మిగులుతాయి, అంగుళానికి 200 చొప్పున అచ్చేస్తే 10 అంగుళాల వెడల్పు వస్తుంది, పేపర్లో అంతకన్నా పెద్ద ఫోటో ఎక్కడ వేస్తారు. కాబట్టి పంపేవాళ్ళు కాస్త విశాలంగా తీసి, తర్వాత నిదానంగా కోసుకోవచ్చు. కానీ వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది కుదించేస్తుంది, అందుకని డాక్యుమెంట్‌గా పంపమని మీ పేజీలో ఒక లైను వేస్తే అందరికీ మంచిది.

మిమ్మల్ని అడిగేవి పెద్దవేం కాదు. కోసే ముందు ఫోటోలో మనిషి ఎటు చూస్తున్నాడో ఒక్కసారి చూడండి, ఆ వైపు మాత్రం కత్తెర పెట్టకండి. ఒక కాలమ్‌లో నిలువుగా పట్టని ఫోటోని అదే జాగా ఖర్చుతో రెండు కాలమ్‌లలో పొట్టిగా వేయొచ్చు, చిన్నదైనా పరవాలేదు, మొత్తం ఉంటే చాలు. అదీ కుదరకపోతే పంపినవాళ్ళకి ఒక ఫోన్ చేయండి, మేమే కోసి పంపుతాం లేదా వద్దంటాం. వారానికి ఒక్క ఫోటో కింద, ఇది ఎందుకు నచ్చిందో రెండు లైన్లు రాయండి. మా స్టూడియోకొచ్చే పిల్లలు ఆ రెండు లైన్లు కత్తిరించి దాచుకుంటారు, నాకు తెలుసు.

ఇంకో సంగతి, ఇది సరిహద్దులో ఉండేవాళ్ళ బాధ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి ఇటొచ్చాయి, ఇచ్ఛాపురం అటుండిపోయింది. మా ఊళ్ళ ఫోటోలు మీ పేజీలో రావడమే తక్కువ. వచ్చినప్పుడు మొహాలు మిగిల్చి చుట్టుపక్కలంతా కోసేస్తే ఆ మొహం ఎక్కడిదైనా కావచ్చు, భీమిలీ కావచ్చు కాకినాడా కావచ్చు. వెనక ఒడియాలో రాసున్న బోర్డు, మా వీధి అరుగు, ఆ దీపస్తంభం, ఆ ఇసక ఉంటేనే ఇక్కడ కూడా తెలుగువాళ్ళున్నారని అటువైపు వాళ్ళకి తెలుస్తుంది. మనిషిని కొంచెం పక్కకి జరిపితే ఊరికి చోటు దొరుకుతుంది.

ఆ ఫోటో మళ్ళీ పంపుతున్నాను, ఈసారి డాక్యుమెంట్‌గా. వీలైతే పూర్తిగా వేయండి, ఎంత చిన్నగా అయినా సరే, చుక్క కనపడేలా అచ్చయితే చాలు. కింద ఏం రాయాలంటే ‘కొడుకు పడవ కోసం చూస్తున్న తండ్రి, గోపాలపురం’ అని రాయండి. వచ్చిన రోజు పేపర్ పట్టుకుని తాత దగ్గరికి వెళ్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా